బోర్డు మీద 25, నా కంటికి 42

పదో తరగతికి కన్ను పాఠం చెప్పటం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్ళు. ఏటా బోర్డు మీద ఒక అంకె రాసి, కింద రెండు గీతలు కొడతాను. స్పష్ట దృష్టి కనిష్ఠ దూరం: 25 సెంటీమీటర్లు. ఆ అంకె ఎవరి కంటిది, ఎన్నేళ్ళ కంటిది అని ఇన్నేళ్ళలో ఒక్క పిల్లాడూ అడగలేదు. నాకూ తోచలేదు. అడగకపోతే మేష్టర్లకి ఏవీ తోచవు.

కిందటేడు అర్ధ సంవత్సరం పరీక్షల పేపర్లు దిద్ది, మార్కులు రిజిస్టర్లో ఎక్కిస్తున్నాను. సాయంత్రం ఏడు, ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద. మర్నాడు ఒక పిల్లాడు స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడి, "సార్, నాకు ముప్ఫై మూడండి. మీరు ముప్ఫై ఎనిమిది ఎక్కించారు" అన్నాడు. వాడి పేపరు తీసి చూశాను. మూడే. వేప చెట్టు కింద పట్టపగలు చూస్తే ఏ అనుమానమూ లేని మూడు. అది రాత్రి నాకు ఎనిమిదిలా ఎలా కనబడిందో అర్థం కాలేదు. పిల్లాడి నిజాయితీని మెచ్చుకుని పంపించాను గానీ, ఇలా ఎక్కువేసినవి ఇంకెన్ని ఉన్నాయో, తక్కువేసినవి ఎన్ని ఉన్నాయో అని ఆ రోజంతా కడుపులో గుబులే.

పగలు బాగుండి రాత్రి ఇబ్బందవటం కూడా పాఠంలో ఉన్నదే. ఎండలో కంటిపాప చిన్నదవుతుంది. చిన్న రంధ్రంలోంచి వచ్చే కిరణాలు పెద్దగా విచ్చుకోవు కాబట్టి కటకం పని కొంచెం తప్పినా బొమ్మ చెదరదు. వెలుతురు తగ్గితే పాప పెద్దదవుతుంది, తప్పులన్నీ బయటపడతాయి. ఇదంతా తెలిసి కూడా నేను ట్యూబ్‌లైట్ మార్పించాను. అది పాతబడిపోయిందని నా వాదన.

మా ఆవిడకి చిన్నప్పటి నుంచీ మైనస్ మూడు. నాకేమో దూరం చూపులో లోటు లేదు. తెనాలి స్టేషన్లో ఆ చివర ప్లాట్‌ఫారం మీది బోర్డు ఇక్కణ్ణుంచి చదివి వినిపించేవాణ్ణి. పెళ్ళయిన కొత్తలో ఆ గొప్ప చాలా పోయాను. ఇప్పుడు సూదిలో దారం ఎక్కించాలంటే ఆవిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, సూదిని ముక్కు దగ్గరకి తెచ్చుకుని, ఒక్క పోటులో ఎక్కిస్తుంది. నేను చెయ్యి బారెడు చాపి దారం చివర తడిపి, నలిపి, నాలుగుసార్లు తప్పుతున్నాను.

"చత్వారమండీ. ఒప్పుకోవటానికి నామోషీ దేనికి?" అంది.

చత్వారం అన్న మాట చత్వారింశత్ నుంచి వచ్చింది. అంటే నలభై. నలభయ్యో పడిలో వచ్చేది కాబట్టి వయసే రోగం పేరయింది. నాకు నలభై ఏడు.

ఒకరోజు రాత్రి మా అమ్మ బీపీ మాత్రల అట్ట ఇచ్చి, గడువు తేదీ చూడమంది. వెండి రేకు మీద వెండి అక్షరాలు. ఎంత దూరం పెట్టినా లాభం లేదు. అప్పుడు పిల్లాడి జామెట్రీ బాక్సులోంచి వృత్తలేఖిని తీసి, ఒక శుభలేఖ అట్టకి దాని ముల్లుతో బెజ్జం పెట్టి, ఆ బెజ్జం కంటికి ఆనించి చూశాను. కొంచెం చీకటిగా ఉన్నా నెల, సంవత్సరం చెక్కినట్టు కనబడ్డాయి. అట్ట తీశాను, పోయాయి. పెట్టాను, వచ్చాయి. ట్యూబ్‌లైట్ మీద పెట్టిన నింద అక్కడితో కొట్టేసినట్టే. తప్పు నా కటకంలోనే ఉంది.

మర్నాడు ల్యాబ్‌లో ఎవరూ లేనప్పుడు మీటరు స్కేలు చెంపకి ఆనించుకుని, పాఠ్యపుస్తకంలో ఒక లైను మీద చూపు పెట్టి, పుస్తకాన్ని మెల్లగా దగ్గరికి లాక్కున్నాను. అక్షరం అంచులు పలచబడ్డ చోట ఆపాను. 42. ఇంకోసారి చూశాను. 42. ఎడమ కన్ను మూసి చూస్తే 43. ఆ మధ్యాహ్నం అదే గదిలో 25 రాసి రెండు గీతలు కొట్టాను, ఏం చేస్తాం.

ఆసుపత్రికి వెంటనే వెళ్ళలేదు. సంతలో 150 రూపాయలకి ప్లస్ రెండు రెడీమేడ్ జోడు కొన్నాను. పుస్తకం బ్రహ్మాండంగా కనబడింది. తలెత్తితే పిల్లల ముఖాలన్నీ పాలల్లో నానేసినట్టున్నాయి. చదవటానికి పెట్టు, బోర్డు చూడటానికి తియ్యి. ఒక పీరియడ్‌లో నేను పంతొమ్మిదిసార్లు తీసి పెట్టానని వెనక బెంచీవాళ్ళు లెక్కేశారట. పైగా మధ్యాహ్నం మూడయ్యేసరికి కనుబొమల పైన పట్టేసినట్టు నొప్పి. అది మాత్రం జోడు కొనక ముందు నుంచీ, రెండేళ్ళుగా ఉంది. చాక్‌పీసు పొడి వల్లో, టీ ఆలస్యం వల్లో అనుకునేవాణ్ణి.

సంక్రాంతి సెలవుల్లో కంటి ఆసుపత్రికి వెళ్ళాను. స్కూటరు మీద, ఒంటరిగా. ఆ రెండూ తప్పులేనని తర్వాత తెలిసింది.

మొదట ఒక యంత్రం ముందు గడ్డం ఆనించమన్నారు. లోపల బొమ్మ: పొడుగాటి రోడ్డు, ఆ చివర ఆకాశంలో రంగురంగుల బెలూన్. అది ఉన్నట్టుండి మసకబారింది, మళ్ళీ తేటపడింది. నా కన్ను అలిసిందేమో అనుకున్నాను. కాదట, యంత్రమే కావాలని మసక చేస్తుందట. దూరపు రోడ్డూ, ఆ మసకా చూపించి కంటిని ఏమార్చి, "ఇక సర్దుకునేదేం లేదు, వదిలెయ్" అనిపిస్తుంది. కండరం వదిలేసిన క్షణంలో పవర్ లెక్క కడుతుంది. కాగితం మీద ప్లస్ పావు అని వచ్చింది. దాదాపు సున్నా. చూశారా, నా దూరం చూపుకి ఢోకా లేదు అనుకున్నాను.

తర్వాత చీకటి గది. పరీక్ష చేసే అమ్మాయికి ఇరవై అయిదుంటాయేమో. బరువైన ఇనుప ఫ్రేము నా ముక్కు మీద పెట్టి, దాంట్లో ఒక్కో గాజుబిళ్ళ వేస్తూ తీస్తూ అద్దంలో కనబడే తెలుగు అక్షరాలు చదివించింది. ఆ చార్టు ఆరు మీటర్ల దూరానికి లెక్కగట్టినది. గది మూడు మీటర్లే కాబట్టి అద్దం పెట్టి దారి రెట్టింపు చేశారు. డచ్చి వైద్యుడు స్నెలెన్ 1862లో ఇలాంటి అట్ట తయారుచేశాడని నాకు తెలుసు. ఆ సంగతి ఆ అమ్మాయికి చెప్పబోయి ఊరుకున్నాను, ఎందుకంటే కింది వరస నాకు రావటం లేదు. కళ్ళు చికిలించి, మెడ ముందుకు సాచి ప్రయత్నిస్తున్నాను.

"మాస్టారూ, కష్టపడి చదవకండి. కనబడితే చదవండి, లేకపోతే లేదని చెప్పండి. మీరు కష్టపడితే నా లెక్క తప్పుతుంది" అంది.

నా పద్దెనిమిదేళ్ళ సర్వీసులో పిల్లలకి నేను చెప్పిన దానికి ఇది పూర్తిగా తిరగేసి ఉంది.

ఆ తర్వాత చుక్కలు. పది నిమిషాలకోసారి, మూడుసార్లు. చురుక్కుమంటాయి, గొంతులోకి చేదు దిగుతుంది. కళ్ళు మూసుకుని బెంచీ మీద కూర్చున్నాను. అరగంటయ్యాక ఫోన్ తీశాను. అక్షరాలు లేవు. చెయ్యి పూర్తిగా చాపాను. లేవు. ఫోన్‌ని ఎదుటి కుర్చీలో పెట్టి నేను వెనక్కి వంగి చూశాను. పక్కనున్న పెద్దాయన నవ్వుతున్నట్టుంది, సరిగ్గా కనబడలేదు. ఇంతవరకూ అనుకున్నదే. కంగారు పుట్టించింది మాత్రం గోడ గడియారం. అయిదు మీటర్ల అవతల ఉంది, పొద్దున వచ్చినప్పుడు సెకన్ల ముల్లు కూడా చూశాను. ఇప్పుడు దాని అంకెలు అలుక్కుపోయి ఉన్నాయి. దూరం చూపు నా సొత్తు అనుకున్నానే, అది కూడా పోయిందేమిటి?

మళ్ళీ యంత్రం దగ్గర కూర్చోబెట్టారు. ఈసారి ప్లస్ ఒకటి.

డాక్టరుగారు కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి, నేను బళ్ళో ఏ పాఠాలు చెబుతానో కనుక్కుని, ఆ తర్వాత విడమర్చి చెప్పారు. నాకు పుట్టుకతోనే కొద్దిగా దీర్ఘదృష్టి ఉంది. కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. నాది దానికి రవ్వంత పొట్టి. అందువల్ల దూరపు వస్తువు బొమ్మ కూడా రెటీనాకి, అంటే కంటి లోపల బొమ్మ పడే తెరకి, వెనక్కి పడాలి. పడకుండా నా లోపలి కండరం నిద్ర లేచినప్పటి నుంచి పడుకునేదాకా కొంచెం బిగిసి ఉండి, ఆ లోటు పూడుస్తూ వచ్చింది. వయసులో ఉన్నప్పుడు దానికది లెక్కలోది కాదు. చుక్కల మందు దాన్ని నిద్రపుచ్చేసరికి అసలు సంగతి బయటపడింది. మధ్యాహ్నం మూడింటి తలనొప్పి చాక్‌పీసుది కాదన్నమాట. ప్లాట్‌ఫారం చివర బోర్డు చదివి గొప్పలు పోయిన ప్రతిసారీ నా కన్ను అప్పు తెచ్చి ఖర్చు పెట్టింది.

అప్పుడు నేను అడిగాను, ఆ లోపలి కండరం, అదే సిలియరీ కండరం, కటకాన్ని ఎలా నొక్కి లావు చేస్తుందని. పద్దెనిమిదేళ్ళుగా బోర్డు మీద గీస్తున్న బొమ్మలో, కండరం నుంచి కటకం మీదకి రెండు బాణాలు వేసి, పిండినట్టు చూపిస్తున్నాను.

"నొక్కదండీ. అసలు ముట్టుకోదు" అన్నారు.

కటకం చుట్టూ కండరం ఉంగరంలా ఉంటుంది. రెంటికీ మధ్య సన్నటి దారాలు, నులక మంచం పట్టెకి తాళ్ళు బిగించినట్టు. కండరం వదులుగా ఉన్నప్పుడు ఉంగరం పెద్దది, దారాలు బిగుతు, కటకం అన్ని వైపులకీ లాగబడి పలచగా ఉంటుంది. అది దూరం చూపు. దగ్గరిది చూడాలంటే కండరం బిగుసుకుంటుంది. బిగుసుకుంటే ఉంగరం చిన్నదవుతుంది. చిన్నదైతే దారాలు వదులవుతాయి. లాగేవాళ్ళు లేకపోయేసరికి కటకం తన సాగే గుణంతో తానే గుండ్రంగా ఉబ్బుతుంది. కండరం బిగిస్తే దారాలు సడలుతాయి అన్న ఈ మెలిక 1855 ప్రాంతంలో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ చెప్పాడు. "దూరానికి కండరం సడలి ఉంటుంది" అన్న వాక్యం నాకు కంఠతా వచ్చు, పిల్లలకీ కంఠతా పట్టించాను. నా బాణాలకీ ఆ వాక్యానికీ పొసగదని ఎప్పుడూ చూసుకోలేదు.

మరి నాది ఎందుకు ఉబ్బటం లేదు? కండరం బాగానే ఉందట. కటకమే బిరుసెక్కింది. చర్మానికైతే పాత పొర రాలిపోయి కొత్తది వస్తుంది. కటకం ఒక సంచిలో మూసి ఉంటుంది, రాలటానికి చోటు లేదు. కొత్త పొరలు బయటి నుంచి ఉల్లిపాయకి పెరిగినట్టు పెరుగుతూనే ఉంటాయి, పాతవి నడిమికి అదుముకుపోతాయి. రక్తనాళాలు కూడా ఉండవు. ఉంటే వాటి నీడ అడ్డం. చుట్టూ ఉన్న నీళ్ళలాంటి ద్రవంతోనే దాని బతుకు. నడిమధ్య ఉన్న గింజ నేను మా అమ్మ కడుపులో ఉన్నప్పటిదట. ఆ మాట విన్నాక కాసేపు ఇంకేమీ అడగలేదు.

మొత్తం కంటి పవరు 60 డయాప్టర్ల దాకా ఉంటే, అందులో 43 దాకా ముందున్న కార్నియాదే, అంటే గడియారం అద్దంలా ఉబ్బెత్తుగా ఉండే ఆ పొరది. పని ఎక్కువ అది చేస్తుంది, పేరు కటకానికి. చిన్నప్పుడు కాలవలో మునిగి కళ్ళు తెరిస్తే అంతా అలికినట్టుండేది. నీళ్ళు మురికి అనుకునేవాళ్ళం. బావిలో తేటనీళ్ళలోనూ అంతే. కార్నియాకీ నీళ్ళకీ వక్రీభవన గుణకం, అంటే వెలుగుని వంచే గుణం, దాదాపు ఒకటే కాబట్టి నీళ్ళలో దాని పవరు హుళక్కి. ఈతగాళ్ళ కళ్ళద్దాలు చేసేదల్లా కంటి ముందు కాస్త గాలిని తిరిగి పెట్టటమే. కార్నియా పవరు మార్చుకోలేదు. మార్చుకోగలిగేది కటకం ఒక్కటే, చత్వారం పట్టుకున్నది సరిగ్గా దాన్నే.

చివరగా రెటీనా చూశారు. సన్నటి వెలుగు పక్కల నుంచి కంట్లోకి ఊపుతుంటే, ఎండిన చెరువు నేల పగిలినట్టు నల్లటి కొమ్మలు, రెమ్మలు ఎదురుగా పరుచుకున్నాయి. బెదిరి తల వెనక్కి తీశాను. "మీ రక్తనాళాల నీడే మాస్టారూ. ఎప్పుడూ అక్కడే ఉంటుంది. కదలదు కాబట్టి మెదడు చూపించదు. నేను వెలుగు కదిపాను, నీడ కదిలింది" అన్నారు. ఆ అరనిమిషం కోసం మళ్ళీ చుక్కలు వేయించుకోమన్నా వేయించుకుంటాను.

బయటికొస్తే మిట్టమధ్యాహ్నం. పాపలు పూర్తిగా తెరుచుకుని ఉన్నాయి, ఎండ మేకుల్లా దిగింది. స్కూటరు అక్కడే వదిలేసి బావమరిదికి ఫోన్ చేద్దామంటే అతని పేరు కనబడదు. మందుల షాపు కుర్రాడు వెతికి కలిపి ఇచ్చాడు. సాయంత్రం ఆరింటిదాకా ఇంట్లో కిటికీ తలుపులు వేసుకుని కూర్చున్నాను. మీరు వెళ్ళేటట్టయితే తోడు మనిషినీ, నల్లద్దాలనీ తీసుకెళ్ళండి.

చీటీలో దూరానికి ప్లస్ ముప్పావు, దగ్గరికి అదనంగా ప్లస్ ఒకటిన్నర. తీసి పెట్టే బాధ పడలేక ప్రోగ్రెసివ్ అద్దాలు రాయించుకున్నాను. పైన దూరం, కిందికి దిగేకొద్దీ పవరు పెరుగుతూ చదవటానికి. బైఫోకల్లా మధ్యలో గీత ఉండదు. ఒక షాపులో 6,500 రూపాయలు పోసి చేయించాను.

మొదటి రోజే మెట్ల మీద మూడో మెట్టు నా కాలికి అందలేదు. కిందికి చూస్తే చదివే భాగంలోంచి చూస్తాం కదా, మెట్టు మీదికి తేలినట్టుంది. బోర్డు మీద స్కేలు పెట్టి గీసిన గీత రెండు చివర్లా వంగింది. పక్కకి చూడాలంటే కళ్ళు తిప్పితే చాలదు, ముక్కు కూడా తిప్పాలి. ఇవన్నీ అలవాటవుతాయని ముందే చెప్పారు, వారం పది రోజుల్లో అయ్యాయి కూడా. అలవాటు కానిది చదవటమే. పుస్తకం చదవాలంటే గడ్డం పైకెత్తి, ముక్కు కింద నుంచి చూడాలి. స్టాఫ్‌రూమ్‌లో "మాస్టారు ఈమధ్య హెడ్మాస్టర్లా చూస్తున్నారు" అని వేళాకోళం. మెడ పట్టేసింది. షాపతనికి చెబితే "అలవాటవుద్ది సార్" అన్నాడు. రెండోసారి వెళ్తే మళ్ళీ అదే మాట.

చివరికి ఆసుపత్రి అమ్మాయికే చూపించాను. అద్దాల మీద కంటికి కనీకనబడని చిన్న చెక్కుళ్ళుంటాయి. వాటిని బట్టి చుక్కలు పెట్టి, జోడు నాకు పెట్టి, ఎదురుగా తన కళ్ళు నా కళ్ళకి సమానంగా ఉండేలా వంగి చూసింది. నా పాప నడిమికి రావాల్సిన గుర్తు నాలుగు మిల్లీమీటర్లు కిందుంది. కొలత తీసుకున్నప్పుడు షాపతను స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, నేను నిలబడి కిందికి చూస్తున్నాను. తప్పంతా ఆ చూపులోనే ఉంది. ఆ ముక్క కాగితం మీద రాయించుకుని పోయేసరికి షాపతను సణుక్కుంటూనే అద్దాలు మార్చి ఇచ్చాడు. రెండు వారాలు, ఒక మెడ నొప్పి దండగ. ప్రోగ్రెసివ్ పడలేదని బీరువాలో పడేసినవాళ్ళు నాకు నలుగురు తెలుసు. వాళ్ళలో ఎందరివి ఈ నాలుగు మిల్లీమీటర్లో ఏమో.

మూడింటి తలనొప్పి నెల తిరగకుండా పోయింది. మా అమ్మకి శుక్లం ఆపరేషన్ చేసి పెట్టిన కటకం ఒకే పవరుది. దూరం బాగా కనిపిస్తుంది, పేపరు చదవాలంటే మాత్రం జోడు కావాలి. సాయంత్రం ఇద్దరం జోళ్ళు పెట్టుకుని పేపరు చెరో పేజీ పంచుకుంటాం. మా ఆవిడ జోడు తీసేసి చదువుతుంది.

ఈ ఏడు కన్ను పాఠం వచ్చినప్పుడు బాణాలు గీయలేదు. పాత సైకిలు ట్యూబు అడ్డంగా కోస్తే రబ్బరు ఉంగరం వచ్చింది. దానికి ఎనిమిది పురికొసలు కట్టి, ఎనిమిది మందిని గ్రౌండులో చుట్టూ నిలబెట్టాను. మీరు కండరం, తాళ్ళు దారాలు, నడుమ ఉన్నది కటకం అంచు అన్నాను. తలా ఒక అడుగు వెనక్కి వేస్తే ఉంగరం వెడల్పయింది: కటకం పలచన, చూపు దూరం. అందరూ ఒక అడుగు లోపలికి వేస్తే తాళ్ళు జారి, రబ్బరు దగ్గరకొచ్చింది: కటకం లావు, చూపు దగ్గర. మూడుసార్లు చేశాక రబ్బరు తీసేసి, దాని స్థానంలో పాత ఇత్తడి గాజు కట్టాను. వెనక్కి వేశారు, లోపలికి వేశారు. గాజు గాజులాగే ఉంది.

"సార్, ఇదెవరి కన్నండీ?" అంది ఒక పిల్ల.

"నాది" అన్నాను.

తర్వాత తలా ఒక స్కేలు ఇచ్చి ఎవరి దూరం వాళ్ళని కొలుచుకోమన్నాను. 25 ఒక్కరికీ రాలేదు. 7, 8, 7, 9, 8. వరసగా బోర్డు మీద రాసుకుంటూ పోయారు. చివర్లో ఒకడు చాక్‌పీసు పట్టుకుని నా వైపు చూశాడు. జోడు తీసి, స్కేలు చెంపకి పెట్టుకున్నాను. కిందటేటి కన్నా రెండు పెరిగింది. వాడు 44 రాసి, కింద రెండు గీతలు కొట్టాడు.